ఎక్కడ పెట్టమంటారు?

మహారాజశ్రీ గడి గారి సముఖానికి,

ఉభయ కుశలోపరి. మీరు ఎప్పుడూ క్షేమమే. మేము ఎందుకు క్షేమంగా లేమో చెప్పుకోవడానికే ఈ ఉత్తరం.

నేను మీకు గుర్తుండను. విండోస్ లాంటిదే మరో వ్యవస్థ అయిన లినక్స్‌ను ఎక్కించే ఇన్‌స్టాలర్‌లో, డిస్కును భాగాలుగా పంచే పేజీ అట్టడుగున జవాబు ఎంచుకునే గడిగా కూర్చుని, బూట్ లోడర్‌ను, అంటే కంప్యూటర్ ఆన్ చేయగానే వ్యవస్థను లేపే ప్రోగ్రామును, ఏ డిస్కులో పెట్టమంటారు అని ఎంతో మర్యాదగా అడిగారు. నేను ఆ మర్యాదకే పడిపోయాను.

మా ఇంట్లో ఉన్నది ఒకటే ల్యాప్‌టాప్. అది మా ఆవిడది. హైస్కూల్లో లెక్కలు చెబుతుంది. "మీ ప్రయోగాలు బయట చేసుకోండి, దాని లోపల మాత్రం చెయ్యి పెట్టవద్దు" అని ముందే హద్దు గీసింది. అందుకే 500 జీబీ యూఎస్‌బీ హార్డ్ డిస్కు కొన్నాను. పాత 2.0 పోర్టులో సెకనుకు 480 మెగాబిట్లే కదా అని, 5 గిగాబిట్ల నీలం పోర్టు వెతికి మరీ గుచ్చాను. లినక్స్ పెట్టిన పేర్లలో లోపలి డిస్కు ఎస్‌డీఏ, ఇన్‌స్టాలర్ ఉన్న పెన్ డ్రైవ్ ఎస్‌డీబీ, నాది ఎస్‌డీసీ. బూట్ లోడర్ కాపురానికని నా డిస్కులో ఈఎఫ్‌ఐ భాగమనే గది కూడా విడిగా కట్టించాను. మీ జాబితాలో ఎస్‌డీసీ ఎంచుకుని మూడుసార్లు సరిచూసుకున్నాను. మా పెళ్లి శుభలేఖలో పేర్లయినా అన్నిసార్లు చూసుకోలేదు.

మీరు సరేనన్నారు. అని, బూట్ లోడర్‌ను తీసుకువెళ్లి ఎస్‌డీఏలోని ఈఎఫ్‌ఐ భాగంలో దించారు. అంతటితో ఆగక, మదర్‌బోర్డు జ్ఞాపకంలో విండోస్ కంటే ముందు దాని పేరే రాయించారు.

డిస్కు తగిలించి ఉన్నన్నాళ్లూ ఏ తేడా తెలియలేదు. ఒక రాత్రి దాన్ని సంచిలో వేసుకుని విజయవాడ బస్సెక్కాను. సూర్యాపేట దాటాక ఫోను మోగింది.

"ఏమండీ, తెరంతా నల్లగా ఉంది. పైన ఇంగ్లీషులో ఏదో రాసి ఉంది, కింద గ్రబ్ అని, పక్కన బాణం మొన. నేనేం ముట్టుకున్నాను?"

"నువ్వేమీ ముట్టుకోలేదు."

"అయితే మీరు ముట్టుకున్నారు."

లెక్కల టీచరు కదా, మధ్య మెట్లు రాయకుండానే జవాబు తేల్చింది. తెల్లవారితే పిల్లలకు ఇవ్వవలసిన ప్రశ్నపత్రం అందులోనే ఉంది. కాపలాదారేమో ఇంటి గుమ్మంలో, తాళంచెవి బస్సులో నా ఒళ్లో! గ్రబ్ అంటే ఆ బూట్ లోడర్ పేరేనని, అది వెతుకుతున్న మెనూ ఫైలు నా డిస్కులోనే ఉందని ఆమెకు ఎలా చెప్పను? ఎగ్జిట్ అని ఇంగ్లీషులో నాలుగక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కమన్నాను. గ్రబ్ తప్పుకుంది, వరుసలో తర్వాతి పేరైన విండోస్ తెరుచుకుంది. లోపలి డిస్కుకు విండోస్ వేసే బిట్‌లాకర్ తాళం లేదు కాబట్టి బతికిపోయాను. ఉండి, అదీ అలిగి ఉంటే, 48 అంకెల రికవరీ కీ కోసం ఆ రాత్రి ఇల్లంతా వెతికించవలసి వచ్చేది.

"పొమ్మనగానే పోయింది, మీకంటే నయం" అని ఆమె ఫోను పెట్టేసింది.

న్యాయంగా చెప్పాలంటే, మీకూ ఒకప్పుడు అధికారం ఉండేది. కంప్యూటర్‌ను మొదట మేల్కొలిపే పని పాత బయాస్ చేసిన రోజుల్లో డిస్కు మొదటి సెక్టారులోని 512 బైట్లలో బూట్ కోడుకు 446 బైట్లు దక్కేవి. అవి ఏ డిస్కువో మీరు అడిగేవారు, మేము చెప్పేవాళ్లం, అలాగే జరిగేది. బయాస్ స్థానంలో యూఈఎఫ్‌ఐ వచ్చాక ఆ పెత్తనం పోయింది. 1984లో కరణాల వ్యవస్థ రద్దయ్యాక కూడా అరుగు మీద దస్త్రం పరుచుకుని, ఈ చెక్క ఎవరి పేర రాయమంటావు అని అడిగే పెద్దమనిషిలా మిగిలిపోయారు. రాయలేనప్పుడు అడగడమెందుకండీ? మేము ఏ డిస్కు చెప్పినా ఇన్‌స్టాలర్ బూట్ లోడర్‌ను మొదట కనబడిన ఈఎఫ్‌ఐ భాగంలోనే దించుతోందని 2014లోనే బగ్ నమోదైంది. అయినా ఏళ్ల తరబడి మీరు అదే చిరునవ్వుతో అడుగుతూనే ఉన్నారు.

ఊరూరా తిరిగే డిస్కు మామూలు యూఈఎఫ్‌ఐ కంప్యూటర్లలో పలకాలంటే, దానిలోనే ఈఎఫ్‌ఐ ఫోల్డరు, అందులో బూట్ ఫోల్డరు, అందులో బూట్‌ఎక్స్64 అనే ఫైలు ఉంటే చాలు. ఇంత చిన్న పనికి పెద్దలు చెప్పే చిట్కా ఏమిటో తెలుసా? ఇన్‌స్టాల్ చేసేటప్పుడు లోపలి డిస్కును ఊడదీసి పక్కన పెట్టాలట. కొత్త ఇంట్లో పాలు పొంగించడానికి పాత ఇల్లు పెకలించడమన్నమాట. లోపలి డిస్కులోని ఈఎఫ్‌ఐ భాగానికి, ఇదే బూట్ లోడర్ గది అని చెప్పే ఈఎస్‌పీ గుర్తును తాత్కాలికంగా తీసేసే సులువైన దారీ ఉందని నాకు తర్వాత తెలిసింది. ఇలాంటివి ఎప్పుడూ తర్వాతే తెలుస్తాయి.

మొన్న ఆదివారం ల్యాప్‌టాప్‌ను బోర్లించి, మూత విప్పి, డిస్కు తీసి, అంతా మొదటినుంచి చేశాను. మా ఆవిడ కుర్చీ వేసుకుని ఎదురుగానే కూర్చుంది. ఈసారి బూట్ లోడర్ బుద్ధిగా నా డిస్కులోనే దిగింది, దిగడానికి మరో చోటు లేదు కదా. లోపలి డిస్కును మళ్లీ బిగించి, అందులో మిగిలిన పాత గ్రబ్‌నూ, మదర్‌బోర్డులో దాని పేరునూ చెరిపేశాను. ఇప్పుడు ఎవరి ఇల్లు వారిదే.

కాకపోతే మూత బిగించాక ఒక స్క్రూ మిగిలింది. ఎక్కడ పెట్టమంటారు?

ఇట్లు,
ఎస్‌డీసీ హక్కుదారు