హాఫ్‌వేలో ఆ తోపులాటేంటండీ!

వేల్స్‌లోని లాండుడ్నోలో గ్రేట్ ఓర్మ్ కొండెక్కే ట్రామ్ 1902 నుంచి నడుస్తోంది. బండిలో ఇంజన్ ఉండదు, ఉక్కు తాడే లాగుతుంది. ఒకటి కిందికి దిగుతుంటే ఆ బరువే రెండోది పైకెక్కడానికి సాయం. కింది సగంలో ఆ తాడు రోడ్డులోనే, పట్టాల మధ్య సన్నటి సందు కింద దాగి పోతుంటుంది. ఎంత ముచ్చటేస్తుందో!

హాఫ్‌వే స్టేషన్‌లో బండి మారాలి. తాడు లాగే యంత్రాలు ఉండేదీ అక్కడే. ఆ పెద్ద చక్రాలు చూద్దామని ఆగానో లేదో, వెనకనుంచి మోచేతి పోట్లు! అందరికీ పై బండిలో కిటికీ సీటే కావాలి. పోనీ దక్కాక సముద్రం చూస్తారా అంటే, అదీ లేదు. వీపు అటు తిప్పి సెల్ఫీలు. నా ముందు ఒకాయన సెల్ఫీ స్టిక్ బయటికి చాపాడు. ఎదురు బండి వచ్చేస్తున్నా లోపలికి తియ్యడే! నాకు ఒకటే టెన్షన్. చెబితే గుర్రుగా చూశాడు.

ఇన్నేళ్లుగా నడుస్తున్న బండి అండీ. తర్వాతిది ఎలాగూ వస్తుంది, కాసేపు ఆ చక్రాలు చూసి ఎక్కితే ఏం పోయింది?