ఆన్‌కాల్ ఫోనుగారి దివ్యసముఖమునకు

మహారాజశ్రీ ఆన్‌కాల్ ఫోనుగారికి,

హైదరాబాదులోని ఒక సంస్థలో, సర్వర్లకు ఏ వేళ ఏ కష్టమొచ్చినా మోగే తమ సేవకే అంకితమైన సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ నమస్కరించి వ్రాయు విన్నపము. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టవలసిన ఉత్తరమే గాని, కుశలమంతా తమ పక్షానే ఉంది. తమకు రోజూ ఛార్జింగు అందుతోంది.

ఫిబ్రవరిలో ఒక రాత్రి 2 గంటల 40 నిమిషాలకు తమరు మోగారు. సర్వర్ తన పనుల చిట్టాలను, అంటే లాగ్ ఫైళ్ళను, దాచుకునే డిస్కు భాగం (/var పార్టిషన్) 90 శాతం నిండిందట. సగం నిద్రలో ఓటీపీ రెండుసార్లు తప్పు కొట్టి, ఎట్టకేలకు లోపలికి వెళ్ళి పెద్ద లాగ్ ఫైలును చెరిపేసినా జాగా తిరిగి రాలేదు. ఆ ఫైలును ఇంకా పట్టుకుని కూర్చున్న ప్రాసెస్‌ను రీస్టార్ట్ చేశాకే అంకె 71కి దిగింది. రెండేళ్ళుగా వారం వారం ఇదే తంతు. పాత లాగ్‌లను తనంతట తానే తొలగించే లాగ్‌రొటేట్ అనే ప్రోగ్రాము సెట్టింగుల్లో నాలుగు వరుసలు మారిస్తే పీడ విరగడయ్యేదే, కానీ ఆ మార్పుకు అనుమతి కావాలి, అనుమతికి మీటింగు కావాలి, మీటింగు వేళకు నేను కూర్చున్నచోటే తూగుతుండాలి.

క్లయింటుకు మావాళ్ళు 99.99 శాతం అప్‌టైమ్ రాసిచ్చారు. అంటే సర్వర్ ఏడాది మొత్తంమీద సుమారు 52 నిమిషాలకు మించి పడుకోరాదు. అందుకే దానికి తోడుగా మరో సర్వర్‌ను పెట్టారు; ఒకటి పడిపోతే రెండోది అందుకుంటుంది. నాకు తోడు పెట్టమంటే బడ్జెట్ లేదన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నవుట్‌ను జబ్బుగా కాక, అదుపు చేయని దీర్ఘకాలపు పని ఒత్తిడి ఫలితంగా నిర్వచించింది కదా, జబ్బు కాదు కనుక దానికి సిక్ లీవు వర్తించదని మా మేనేజరుగారి భాష్యం.

ఇక నా ఎదుగుదల సంగతి. సర్వర్ల పనులను వాటంతట అవే జరిగేలా చేసే ఆన్సిబుల్ అనే సాధనం నేర్చుకుందామని కొన్న వీడియో పాఠాలు రెండో అధ్యాయం దగ్గరే ఆగి ఉన్నాయి. గూగుల్‌లో సైట్ రిలయబిలిటీ ఇంజనీర్లకు, అంటే సేవలు ఆగిపోకుండా చూసేవారికి, ఇలాంటి చేతిచాకిరీ సగం సమయాన్ని మించకూడదనీ, మిగతా సగం దాన్ని తగ్గించే లేదా సేవకు కొత్త సౌకర్యాలు చేర్చే పనులకు కేటాయించాలనీ నియమం పెట్టుకున్నారు. ఆ మాట అప్రైజల్‌లో ఎత్తితే, 'ఎప్పుడు పిలిచినా పలుకుతాడు' అని నా గురించి మెచ్చుకోలుగా రాశారు. నిజమే, పలుకుతాను, బస్సులో ఎవరి జేబులోనో తమ ట్యూన్ మోగినా నా చెయ్యి ఉలిక్కిపడుతుంది.

చివరికి గత నెలలో అనుమతి వచ్చింది. పట్టపగలు, కాఫీ తాగుతూ, 20 నిమిషాల్లో ఆ నాలుగు వరుసలు మార్చాను. ఆనాటి నుంచి ఆ పార్టిషన్ పేరుతో తమరు ఒక్కసారీ మోగలేదు. మూడు వారాలు వరసగా నిద్రపోయాను, మూడో అధ్యాయం కూడా మొదలుపెట్టాను.

నిన్నటి రివ్యూలో మేనేజరుగారు నావైపు అదోలా చూసి, "ఈ మధ్య నీకు పని బాగా తగ్గినట్టుందే" అన్నారు. పక్క టీమువారి 40 సర్వర్ల అలర్టులు ఈ రాత్రి నుంచి తమకే వస్తాయి.

ఇట్లు,
ఛార్జింగు 12 శాతానికి దిగిన తమ విధేయుడు