క్లెయిమ్ ముగిసింది, గోడ ఆరలేదు

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు నీళ్లు విజయవాడ సింగ్‌నగర్‌లోని మా ఇంట్లోకి వచ్చి, నడుములోతున రోజుల తరబడి నిలిచిపోయాయి. ఇంటికి భారత్ గృహ రక్ష బీమా పాలసీ ఉండటంతో నష్టం అంచనా వేసే సర్వేయరు వచ్చి, గోడలు కొలిచి, ఫొటోలు తీసుకుని నష్టం లెక్కగట్టారు. డబ్బు దగ్గర నాకు పెద్ద పేచీ లేదు. పేచీ అంతా ఆ డబ్బుతో జరిగిన పనితోనే.

తెలిసినవారి ద్వారా వచ్చిన కాంట్రాక్టరు పాత ప్లాస్టరింగు చెక్కించి, లోపలి ఇటుక ఇంకా చెమ్మగా ఉండగానే కొత్తది చేయించి, దానికి సరిగా నీళ్లయినా కొట్టించకుండా, పది రోజుల్లో లప్పం పట్టించి రంగులు వేయించాడు. కాస్త ఆరనివ్వమని అడిగితే, "ఎండలొస్తే అదే ఆరిపోతుంది సార్" అన్నాడు. ఎండలొచ్చాయి. ఇటుకలోని తేమ బయటికి వస్తూ తనలో కరిగిన లవణాలను వెంట తెచ్చింది. అవి రంగు వెనకే పేరుకుని లప్పాన్ని అప్పడంలా పొంగించాయి. బొటనవేలితో నొక్కితే పెచ్చు ఊడి తెల్లటి పొడి రాలుతోంది.

నష్టానికి ముందున్న స్థితికి దాదాపు సమానంగా ఇంటిని బాగుచేసుకునేందుకు అయ్యే ఖర్చు చెల్లిస్తామన్నది పాలసీ మాట. ఇల్లు ఆ స్థితికి వచ్చిందో లేదో చూసేదెవరు? మా ఫైలులోకి బిల్లులు, పూర్తయిన పని ఫొటోలు వెళ్లాయి. కొత్తగా రంగు వేసిన గోడ ఫొటోలో బాగానే కనిపిస్తుంది మరి. ప్రమాణాలు లేక కాదు. భారతీయ ప్రమాణాల్లో (ఐఎస్) ప్లాస్టరింగుకు ఐఎస్ 1661, గోడల రంగులకు ఐఎస్ 2395 ఉన్నాయి. మా మేస్త్రీ వాటి పేరు కూడా వినలేదు, అయినా అతణ్ణి తప్పుపట్టను. వాటి ప్రకారం చేశావా అని అతణ్ణి అడిగినవారే లేరు.

రంగు వేసేముందు గోడలో చెమ్మ ఎంతుందో మీటరుతో కొలిచి, ఆ రీడింగును ఫైలులో పెట్టాకే చివరి సొమ్ము ఇవ్వాలని బీమా కంపెనీలు నియమం పెట్టుకోవాలి. కనీసం రెండు వానాకాలాలకు కాంట్రాక్టరు రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి. ఆర్కిటెక్టు, ఇంజనీరు ఫీజులకు క్లెయిమ్ మొత్తంలో 5 శాతం దాకా ఇదే పాలసీ ఇస్తుందని నాకు పని అయిపోయాక తెలిసింది. ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఒక ఇంజనీరును పెట్టుకునేవాణ్ణి.

ఇప్పుడు మళ్లీ చెక్కిస్తున్నాను, ఈసారి ఖర్చు నాదే. నిన్న రాత్రి ఇటుక మీద పాలిథిన్ కవరు పరిచి నాలుగు అంచులా టేపు వేశాను. తెల్లవారి చూస్తే లోపలివైపు నీటి చుక్కలు. మేస్త్రీని వచ్చే నెల రమ్మన్నాను.