రెండేళ్ల వీపీఎన్ ప్లాన్ కొనేయమంటున్న ఆ మెసేజ్‌లో నిజమెంత?

వాట్సాప్ గ్రూపుల్లోనూ, యూట్యూబ్ వీడియోల మధ్యలో వచ్చే స్పాన్సర్ ముక్కల్లోనూ ఒకటే సలహా రకరకాలుగా తిరుగుతోంది: "ఫ్రీ వీపీఎన్ జోలికి పోకండి. పెయిడ్‌లో రెండేళ్ల ప్లాన్ తీసుకుంటే మీరేం చూస్తున్నారో ఎవరికీ తెలియదు. కంపెనీ లాగ్‌లు ఉంచదు. స్పీడ్ పెరుగుతుంది. బ్యాంకు పనులు భద్రం. ఏ దేశంలో ఉన్నా ఇండియా సర్వర్ పెట్టుకోవచ్చు. నచ్చకపోతే 30 రోజుల్లో డబ్బు వాపసు."

వీపీఎన్ అంటే మీ నెట్ డేటాను ఎన్‌క్రిప్ట్ చేసి (ఇతరులు చదవలేని రూపంలోకి మార్చి) తన సర్వర్ గుండా పంపే సర్వీసు. లాగ్‌లంటే ఎవరు ఎప్పుడు కనెక్ట్ అయ్యారు, ఏం చూశారు అన్న రికార్డులు. ఆ మెసేజ్‌లో మొదటి వాక్యంతో పేచీ లేదు. సర్వర్లకూ బ్యాండ్‌విడ్త్‌కూ నెలనెలా ఖర్చయ్యే సర్వీసును ఊరికే ఇస్తున్నారంటే, ఆ ఖర్చు ఇంకెక్కడో రాబట్టుకుంటున్నారేమోనని అనుమానించాల్సిందే. తక్కిన మాటల సంగతి చూద్దాం.

"మీరేం చూస్తున్నారో ఎవరికీ తెలియదు"

వీపీఎన్ లేనప్పుడు కూడా మీ నెట్ కంపెనీకి అన్నీ కనిపించవు. హెచ్‌టీటీపీఎస్ సైటు (డేటాను ఎన్‌క్రిప్ట్ చేసే సైటు) తెరిస్తే మీరు ఏ సైటుకి వెళ్లారో చాలావరకు తెలుస్తుంది. అందులో ఏ పేజీ చదివారో, ఏం టైప్ చేశారో తెలియదు. వీపీఎన్ ఆన్ చేశాక ఆ సైటు పేరు కూడా వాళ్లకు కనిపించదు. మీ ఫోన్ ఫలానా సర్వర్‌తో ఎంతసేపు, ఎంత డేటా మాట్లాడిందన్నదే కనిపిస్తుంది. మరి ఆ సైటు పేర్లు ఎవరికి కనిపిస్తాయి? వీపీఎన్ కంపెనీకి. చూసేవాడు మారాడు తప్ప, చూసేవాడే లేకుండా పోలేదు. ఇక గూగుల్‌లోనో ఫేస్‌బుక్‌లోనో లాగిన్ అయి ఉంటే ఐపీ (నెట్‌లో మీ కనెక్షన్ అడ్రసు) మారినా వాళ్లకు మీరు మీరే.

డబ్బు కట్టినంత మాత్రాన టన్నెల్ (మీ ఫోన్ నుంచి వీపీఎన్ సర్వర్ దాకా ఉండే ఎన్‌క్రిప్ట్ అయిన దారి) గట్టిగా ఉంటుందన్న హామీ కూడా లేదు. ఎక్కువగా కనిపించే లోపం ఐపీవీ6 లీక్. ఐపీ అడ్రసుల్లో పాత రకం ఐపీవీ4, కొత్త రకం ఐపీవీ6. జియో లాంటి నెట్‌వర్క్‌లలో ఫోన్‌కు ఐపీవీ6 అడ్రసు ఉంటుంది. యాప్ ఐపీవీ4ను మాత్రమే టన్నెల్‌లోకి పంపి, ఐపీవీ6ను ఆపకుండా వదిలేస్తే ఆ ట్రాఫిక్ టన్నెల్ బయటి నుంచే పోతుంది. పరీక్ష తేలికే. వీపీఎన్ ఆఫ్‌లో ఉండగా, ఐపీ చూపించే ఏదైనా సైటులో రెండు అడ్రసులూ రాసుకోండి. ఆన్ చేసి మళ్లీ చూడండి. ఐపీవీ6 అడ్రసు పూర్తిగా మాయమవ్వాలి, లేదా మారాలి. పాతదే కనిపిస్తే లీకవుతున్నట్టు. డీఎన్ఎస్ (సైటు పేరును ఐపీ అడ్రసుగా మార్చే వ్యవస్థ) లీక్ టెస్టులో మీ నెట్ కంపెనీ పేరు కనిపించినా అదే అర్థం.

కనెక్షన్ తెగిన క్షణంలో ఏమవుతుందో కూడా చూడాలి. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్, నెట్‌వర్క్, వీపీఎన్‌లోకి వెళ్లి, యాప్ పక్కనున్న పళ్ల చక్రం గుర్తు నొక్కితే 'ఆల్వేస్ ఆన్', 'వీపీఎన్ లేకపోతే కనెక్షన్ ఆపు' అనే రెండు స్విచ్చులుంటాయి. ఫోన్ కంపెనీని బట్టి మెనూ పేర్లు కొంచెం మారతాయి. రెండూ ఆన్ చేసి, వైఫై నుంచి మొబైల్ డేటాకు మారి చూడండి. మళ్లీ కనెక్ట్ అయ్యేదాకా ఏ పేజీ తెరుచుకోకూడదు.

"కంపెనీ లాగ్‌లు ఉంచదు"

వెబ్‌సైటు మీద అలా రాయడానికి ఖర్చేమీ లేదు. ఆ మాటకు పరీక్ష ఎదురైన సందర్భాలు చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. 2011లో సోనీ పిక్చర్స్ హ్యాకింగ్ కేసులో 'హైడ్ మై యాస్' అనే బ్రిటన్ సర్వీసు కోర్టు ఆదేశం వచ్చాక రికార్డులు ఇచ్చింది. 2017లో అమెరికాలో ఒక సైబర్ వేధింపుల కేసులో ఎఫ్‌బీఐకి ప్యూర్‌వీపీఎన్ ఇచ్చిన రికార్డులు ఇంకా ముఖ్యం. నిందితుడు ఏ సైటు చూశాడన్న జాబితా అందులో అక్కర్లేకపోయింది. ఒకే కస్టమర్ తన ఇంటి ఐపీ నుంచీ, ఆఫీసు ఐపీ నుంచీ కనెక్ట్ అయ్యాడన్న సమాచారమే అతణ్ని పట్టించడానికి తోడ్పడింది. అందుకే ప్రైవసీ పాలసీలో 'బ్రౌజింగ్ లాగ్‌లు ఉంచం' అన్న వాక్యం దగ్గరే ఆగిపోకూడదు. కనెక్ట్ అయిన సమయం, అసలు ఐపీ గురించి ఏం రాశారో వెతకాలి.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. 2023 ఏప్రిల్‌లో స్వీడన్ పోలీసులు సెర్చ్ వారంటుతో మల్వాడ్ అనే వీపీఎన్ కంపెనీ ఆఫీసుకు వెళ్లారు. వాళ్లు అడిగిన కస్టమర్ల డేటా అక్కడ లేకపోవడంతో ఖాళీ చేతులతో వెనుదిరిగారు. కాబట్టి లాగ్ లేని సర్వీసులు అసలే లేవనడం కూడా తప్పే. కట్టే డబ్బును బట్టి అది తేలదు, అంతే.

మన దేశంలో దీనికి ఇంకో చిక్కు ఉంది. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం వీపీఎన్ కంపెనీలు కస్టమరు పేరు, చిరునామా, ఫోన్ నంబరు, కేటాయించిన ఐపీలు, సర్వీసు ఎందుకు తీసుకున్నారన్న కారణం వంటివి, చందా ముగిశాక కూడా 5 ఏళ్లు దాచాలి. కంపెనీలు తమ ఉద్యోగులకు ఇచ్చే ఆఫీసు వీపీఎన్‌లకు ఇది వర్తించదు. ఆ ఆదేశాల తర్వాత ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్, సర్ఫ్‌షార్క్, నార్డ్‌వీపీఎన్, ప్రోటాన్ తమ సర్వర్లను ఇండియా నుంచి తీసేశాయి.

"ఏ దేశంలో ఉన్నా ఇండియా సర్వర్"

అలా తీసేశాక కూడా యాప్‌లో ఇండియా జెండా కనిపిస్తుంటే అది చాలావరకు వర్చువల్ లొకేషన్. అడ్రసు ఇండియాది, మిషన్ సింగపూర్‌దో లండన్‌దో. డాలస్‌లో కూర్చుని తెలుగు సినిమా కోసం ఇండియా నొక్కితే డేటా ముందు సింగపూర్‌కు వెళ్లి అక్కణ్నుంచి తిరగాలి. పైగా స్ట్రీమింగ్ కంపెనీలు డేటాసెంటర్ల ఐపీల జాబితా పెట్టుకుని ఆపేస్తుంటాయి. ఇవాళ పనిచేసిన సర్వర్ వచ్చే వారం పనిచేయకపోవచ్చు. కేవలం దీనికోసమైతే రెండేళ్ల ప్లాన్ కొనడం తెలివైన పని కాదు, ఒక్క నెల తీసుకుని చూడండి.

గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు వేరే జాగ్రత్త కావాలి. యూఏఈలో 2021 నాటి సైబర్ నేరాల చట్టం ప్రకారం, ఐపీ మార్చి నేరం చేస్తే 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హామ్‌ల దాకా జరిమానా ఉంది. కరీంనగర్‌కో కోనసీమకో వాట్సాప్ కాల్ కలపడానికి వీపీఎన్ పెట్టుకోమని తేలిగ్గా సలహా ఇచ్చేవాళ్లు ఈ అంకె చెప్పరు.

"స్పీడ్ పెరుగుతుంది"

దారి పొడుగైతే సమయం పెరగక తప్పదు. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాద్ నుంచి సింగపూర్ నేరుగా సుమారు 3,300 కిలోమీటర్లు. అంటే రానూపోనూ కనీసం 33 మిల్లీసెకన్లు. అసలు కేబుల్ దారి ఇంకా పొడుగు. నెట్ కంపెనీ ఏదైనా సైటును కావాలని నెమ్మది చేస్తున్నప్పుడు, లేదా దాని రూటింగ్ చెడిపోయినప్పుడు మాత్రం వీపీఎన్‌తో నిజంగానే వేగం పెరగవచ్చు. అది మినహాయింపు.

మరీ నెమ్మదిగా ఉంటే ముందు ప్రోటోకాల్ (వీపీఎన్ డేటాను పంపే పద్ధతి) చూడండి. ఓపెన్‌వీపీఎన్ అనే ప్రోటోకాల్ టీసీపీ మోడ్‌లో ఉంటే, వైర్‌గార్డ్ అనే ప్రోటోకాల్‌కు మార్చండి. కొన్ని సైట్లు సగం తెరుచుకుని ఆగిపోతుంటే ఎంటీయూను (ఒక్కో డేటా ప్యాకెట్ గరిష్ఠ సైజు, బైట్లలో) అనుమానించాలి. వైర్‌గార్డ్ ఒక్కో ప్యాకెట్‌కు 60 నుంచి 80 బైట్లు అదనంగా చేరుస్తుంది, అందుకే దాని ఎంటీయూ మామూలుగా 1500 బదులు 1420. కింద ఉన్న కనెక్షన్ 1500 కంటే తక్కువ మోసేదైతే పెద్ద ప్యాకెట్లు దారిలోనే తప్పిపోవచ్చు. ఎంటీయూను 1280 పెట్టి చూడండి.

"బ్యాంకు పనులు భద్రం"

బ్యాంకు యాప్ తన డేటాను ముందే ఎన్‌క్రిప్ట్ చేస్తుంది, వీపీఎన్ కొత్తగా చేర్చేది స్వల్పం. పైగా కొన్ని బ్యాంకు, యూపీఐ యాప్‌లు వీపీఎన్ ఆన్‌లో ఉంటే తెరుచుకోవు. వాటిని స్ప్లిట్ టన్నెలింగ్‌లో (ఎంచుకున్న యాప్‌లను టన్నెల్ బయట ఉంచే సెట్టింగ్‌లో) పెట్టి మినహాయించవచ్చు. అయితే పైన చెప్పిన 'వీపీఎన్ లేకపోతే కనెక్షన్ ఆపు' స్విచ్చు ఆన్‌లో ఉంటే, మినహాయించిన యాప్‌లకు అసలు నెట్టే రాదు. యాప్ పాడైందని తీసేసి మళ్లీ వేసుకునే ముందు ఇది చూడండి. పెళ్లి శుభలేఖ పేరుతోనో ట్రాఫిక్ చలానా పేరుతోనో వచ్చే మోసపు ఏపీకే (యాప్) ఫైలును వీపీఎన్ టన్నెల్ ఆపదు. అది ఎన్‌క్రిప్ట్ అయి మరీ భద్రంగా దిగుతుంది!

"30 రోజుల్లో డబ్బు వాపసు"

కస్టమర్లు ఎక్కువగా ఇరుక్కునేది ఇక్కడే. ప్రకటనలో నెలకు ఇంత అని రాసినా, కట్టాల్సింది రెండేళ్లది ఒకేసారి. దానిపై 18 శాతం జీఎస్టీ, డాలర్లలో ఉంటే కార్డు ఫారెక్స్ మార్కప్ (విదేశీ కరెన్సీకి బ్యాంకు వేసే అదనపు చార్జీ). వాపసు వచ్చినా మార్కప్ తిరిగి రావడం అరుదు. 30 రోజుల హామీ సాధారణంగా కంపెనీ వెబ్‌సైటులో నేరుగా కొన్నవాళ్లకే. ప్లే స్టోర్‌లోనో యాపిల్‌లోనో కొంటే వాళ్ల రూల్స్ ప్రకారం వాళ్లనే అడగాలి.

యాప్ తీసేస్తే చందా ఆగదు. ఆటో రెన్యువల్ ఆపడం ఒక పని, రీఫండ్ అడగడం ఇంకో పని. ఆపేసి, రీఫండ్ తనంతట తానే వస్తుందని ఊరుకుంటే గడువు దాటిపోతుంది. చాట్‌లో అడిగేటప్పుడు ఆర్డర్ నంబరు ఇచ్చి, 'రీఫండ్ ప్రాసెస్ చేయండి' అని సూటిగా రాయండి. వేరే సర్వర్ ప్రయత్నించమని మూడు నాలుగు సార్లు దారి మళ్లిస్తారు, ఆ కాలక్షేపంలో రోజులు గడుస్తాయి. చాట్ కాపీ దాచుకుంటే, తర్వాత బ్యాంకులో డిస్ప్యూట్ వేయాల్సి వచ్చినా అదే ఆధారం.

రెన్యువల్ ధర మొదటి ధర కాదు, తరచూ చాలా ఎక్కువ. ఇండియాలో ఇచ్చిన కార్డులకైతే ఆర్‌బీఐ ఈ-మ్యాండేట్ (కార్డు నుంచి తనంతట తానే డబ్బు కట్ అయ్యే అనుమతి) నిబంధనల వల్ల డబ్బు తీసే 24 గంటల ముందే బ్యాంకు నుంచి సమాచారం రావాలి, అందులోనే వద్దనే వీలుండాలి. ఆ ఎస్ఎంఎస్‌ను స్పామ్ అనుకుని వదిలేయకండి. విదేశీ బ్యాంకు కార్డుతో కొన్న ఎన్నారైలకు ఈ రక్షణ వర్తించదు. వాళ్లు కొన్నరోజే ఆటో రెన్యువల్ ఆపేసుకోవడం మేలు. చాలా సర్వీసుల్లో, కట్టిన గడువు ముగిసేదాకా వీపీఎన్ మామూలుగానే పనిచేస్తుంది.