సుత్తి ఉన్నవాడిదే బేరింగు

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయినప్పుడు కాటన్ దొర ఈ డెల్టాకు నీళ్లతోపాటు రవాణా సౌకర్యం కూడా కల్పించాడు. ధాన్యం కాలువల్లో పడవల మీద వెళ్లేది. పడవకు చక్రం లేదు, చక్రం లేని చోట బేరింగు లేదు, బేరింగు లేని చోట మోతా లేదు. తర్వాతి తరాలు తెలివి మీరి పడవలు మానేసి, అదే కాలువ గట్టు మీద కార్లు తోలడం మొదలుపెట్టాయి. ఇవాళ భీమవరం నుంచి పాలకొల్లు వెళ్లే ఏ కారు ఎక్కినా, కాస్త వేగం అందుకోగానే చక్రాల దగ్గర తేనెతుట్టె కదిలినట్టు మోత వినిపిస్తుంది.

దీనికి కారణం అడిగేవారు ఈ ప్రాంతానికి కొత్తవారై ఉండాలి. చక్రం గుండ్ల మీద తేలిగ్గా తిరిగేలా చేసే బేరింగులో గ్రీజు నింపి, రెండు వైపులా సీలు వేసి పంపుతుంది ఫ్యాక్టరీ. ఆ సీలు దుమ్మును ఆపుతుంది, వాన చినుకులను ఆపుతుంది. చెరువు మట్టి టిప్పర్లు రోడ్డంతా పరిచే బురదను, చేపల లారీల నుంచి కారే ఐసు నీళ్లను, గోదావరి పొంగినప్పుడు చక్రం నడిమి భాగమైన హబ్బు మునిగేలా కాజ్‌వే దాటించే మన ధైర్యాన్ని ఆపడం దాని తరం కాదు. నీరు దిగుతుంది, గ్రీజు చెడుతుంది, గుండ్లు తిరిగే దారి తుప్పు పట్టి గుంటలు పడుతుంది. రోడ్డు మీద ఏ గుంటలున్నాయో బేరింగు లోపలా అవే. పాలనలో ఇంతటి ఏకరూపత మరెక్కడా సాధ్యపడలేదు.

ఇక బేరింగు మార్చాలి. ఇంట్లో జాకీ, ఇటుకలు, సుత్తి ఉండగా మెకానిక్కు దగ్గరికి వెళ్లడం వంశానికే చిన్నతనం. జాకీతో ఎత్తిన బండి కింద ఇనుప స్టాండు పెట్టాలని కొందరు అతి జాగ్రత్తపరులు అంటారు. ఇటుక విరిగే ముందు నోటీసు ఇవ్వదన్నది వారి అభ్యంతరం. నోటీసు ఇచ్చి జరిగే పనులు ఈ దేశంలో ఎన్ని ఉన్నాయి గనుక?

మోత ఏ చక్రానిదో తేల్చడానికి ఒక పద్ధతి ఉంది. నడుస్తున్న బండిని కొద్దిగా కుడికి తిప్పితే బరువు ఎడమ చక్రాల మీద పడుతుంది. అప్పుడు మోత పెరిగితే ఎడమవైపు బేరింగును అనుమానించాలి. మన వాకిళ్లలో ఈ పరీక్ష అవసరం లేదు, పెద్దరికం చాలు.

“కుడివైపుదే మాస్టారూ, చెవి పెట్టి విన్నాను.”

“ఆగి ఉన్న కారులో ఏం విన్నారండీ?”

ఇలాంటి ప్రశ్న అడిగినవారికి రెండో విడత కాఫీ అందదు.

కుడివైపే విప్పుతారు. హబ్బును కొట్టి కొట్టి ఊడదీస్తే పాత బేరింగు లోపలి రింగు దానికే అంటుకుని బయటికి వస్తుంది. నున్నగా, మెరుస్తూ, పుట్టుకతోనే అక్కడ ఉన్నంత దర్జాగా కనిపిస్తుంది. అది హబ్బులో భాగమేనని ఒక వర్గం, కాదని ఒక వర్గం. రింగును పట్టి లాగే పుల్లర్ తెస్తే వివాదం క్షణంలో తేలిపోతుంది. అందుకే ఎవరూ తేరు.

కొత్త బేరింగు ఎక్కించడంలోనే సుత్తి మహిమ తెలిసేది. బేరింగు కూర్చునే ఇనుప దిమ్మ నకిల్. అందులోకి దించేటప్పుడు ఒత్తిడి బయటి రింగు మీదే, తిన్నగా పడాలి. లోపలి రింగు మీద కొడితే దెబ్బ గుండ్ల మీదుగా వెళ్లి దారిలో గుంటలు వేస్తుంది. నీళ్లూ బురదా ఏళ్లు పట్టి చేసే పనిని మనం పది దెబ్బల్లో ముగిస్తున్నామంటే ఇది ఉత్పాదకత కాక మరేమిటి? బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఉన్న బండిలో, బేరింగుకు అయస్కాంతపు పట్టీ ఉన్న ముఖం చక్రం వేగం చూసే సెన్సార్ వైపు ఉండాలి. మనవాళ్లు మాత్రం చూడ్డానికి ఏది బాగుంటే ఆ ముఖాన్ని బయటికి పెడతారు. డాష్‌బోర్డు మీద దీపం వెలుగుతుంది. శుభకార్యానికి దీపం మంచిదే. హబ్బు నట్టును బండిని బట్టి లెక్కగా బిగించాలి, చిన్న కార్లలో చాలావాటికి 200 న్యూటన్ మీటర్లకు అటూ ఇటూ. మన కొలత వేరు. పానాకు పైపు తగిలించి చివర బావమరిదిని నిలబెడతాం. బావమరిదుల బరువులో తేడాలుంటాయన్న సంగతి ఏ కంపెనీ పట్టించుకుంది?

నకిల్ విప్పి లేత్ షాపుకు పట్టుకెళ్తే ప్రెస్సు మీద పెట్టి నిమిషాల్లో దించి ఇస్తారు. నిజమే, కానీ అందులో ఆత్మగౌరవం ఎక్కడుంది? కొన్ని బండ్లకు బేరింగు హబ్బుతో కలిసే వస్తుంది, నాలుగు బోల్టులు విప్పి బిగిస్తే అయిపోతుంది. అలాంటి కార్లు కొన్నవారిని మా పంక్తిలో కూర్చోబెట్టం.

ఇంత చేశాక కొత్త బేరింగు నెల తిరక్కుండానే మళ్లీ మోగితే కంగారు పడకూడదు. టైర్లు ఎగుడుదిగుడుగా అరిగినా అలాంటి మోతే వస్తుంది కాబట్టి అది టైర్లదని ప్రకటించాలి. టైర్లు మార్చాక కూడా మోగితే రోడ్డుదని తీర్మానించాలి. రోడ్డుదని ఒకసారి తేలితే ఇక ఎవరూ ఏమీ చేయనక్కర్లేదు, ఆ శాఖలో ఆ ఆచారం ముందునుంచీ ఉన్నదే.