కుట్లు మానిన తర్వాత

బైపాస్ ఆపరేషన్ కోసం కోసిన రొమ్ము ఎముక సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాల్లో అతుక్కుంటుంది. ఆ లెక్కన రెండో నెల దాటేసరికి కోలుకున్నాడనుకున్న మనిషి మెట్లెక్కడానికి జంకుతూ, రాత్రివేళ ఛాతీలో ఏమాత్రం చురుక్కుమన్నా లేచి కూర్చుంటూ, ఎందుకో చెప్పలేక కన్నీళ్లు పెట్టుకుంటుంటే ఇంట్లోవాళ్లకు దిక్కు తోచదు. 'గండం గడిచింది కదా, ఇంకా దిగులెందుకు' అంటారు. ప్రేమతో అన్న మాటే అయినా, ఆ తర్వాత రోగి నోరు విప్పడు.

బైపాస్ అయినవారిలో సుమారు ప్రతి ఐదుగురిలో ఒకరికి కుంగుబాటు ఉంటుందని పరిశోధనలు చెబుతున్నాయి. మగవారికంటే ఆడవారిలో ఇది ఎక్కువ. మన ఇళ్లలో ఆపరేషన్ అయిన ఇల్లాలు ఎన్నాళ్లకు మళ్లీ పొయ్యి దగ్గర నిలబడుతుందో తెలిసినవారికి ఇందులో ఆశ్చర్యం ఉండదు. కుంగిపోయిన మనిషి మాత్రలు వేళకు వేసుకోడు, నడక మానేస్తాడు, వదిలేసిన సిగరెట్టు మళ్లీ అందుకుంటాడు. గుండె జబ్బు ఉన్నవారందరినీ కుంగుబాటు గురించి అడిగి తెలుసుకోవాలని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2008లోనే సూచించింది.

2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీ పుణ్యమా అని, ఆస్తులమ్మినా అందని గుండె ఆపరేషన్ పేదలకు అందింది. ఆ మేలును తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. కానీ ఆపరేషన్ తర్వాతి పర్యవేక్షణ అంటే నేటికీ ఈసీజీ, రక్తపరీక్షలు, మందుల చీటీ అనే అర్థమే నడుస్తోంది. గత రెండు వారాల్లో దేనిమీదా ఆసక్తి లేకుండా పోయిందా, మనసు దిగులుగా ఉంటోందా అన్న రెండు ప్రశ్నలు అడగడానికి యంత్రాలు అక్కర్లేదు, రెండు నిమిషాలు చాలు. అమెరికాలోని పిట్స్‌బర్గ్ ప్రాంతంలో బైపాస్ తర్వాత కుంగుబాటుకు లోనైన రోగులకు నర్సులు ఎనిమిది నెలలపాటు ఫోన్ చేసి మాట్లాడుతూ, అవసరమైతే మందులు ఇప్పిస్తూ వచ్చారు. వారు మామూలు వైద్యం పొందినవారికంటే మెరుగ్గా కోలుకున్నారని 2009లో వెల్లడైంది. మానసిక వైద్యుడి గుమ్మం తొక్కితే పిచ్చి ముద్ర పడుతుందని భయపడే మన ఊళ్లకు ఇంటికే వచ్చే ఫోను మరింత అనువైనది.

ఆస్పత్రుల్లో ఆరోగ్యశ్రీ రోగులకు సాయపడే ఆరోగ్యమిత్రలున్నారు, మనసు బాగోలేనివారికి ఫోనులోనే సలహా ఇచ్చే ప్రభుత్వ సేవ టెలి మానస్ 14416 నంబరు 2022 నుంచి పనిచేస్తోంది. డిశ్చార్జి కాగితంపై ఆ నంబరు అచ్చువేయించి, తొలి ఆరు నెలల్లో కనీసం మూడుసార్లు రోగిని ఫోనులో పలకరించడాన్ని ఆరోగ్యశ్రీ కింద ఆపరేషన్‌కు ఇచ్చే ప్యాకేజీలో భాగం చేయాలని రెండు రాష్ట్ర ప్రభుత్వాలనూ కోరుతున్నాం. ఆ పలకరింపు జరిగినట్టు నమోదైతేనే ఆస్పత్రికి చివరి విడత బిల్లు చెల్లించాలి.