పైన పటారం, లోన లొటారం

పొద్దున్నే ఫోన్ తెరిస్తే ఓ షాపు వాళ్ల పోస్టు. 'సెమీ హాలో గిటార్, జాజ్‌కీ బ్లూస్‌కీ బెస్ట్' అట. ఫొటోలో ఉన్నది ఎపిఫోన్ కసీనో! అది సెమీ హాలో ఎప్పుడయిందయ్యా?

పైచెక్క మీద ఎఫ్ ఆకారపు రంధ్రాలు, అంటే ఎఫ్ హోల్స్, రెండు కనబడితే చాలు, సెమీ హాలో అనేయడమే. సెమీ హాలో అంటే లోపల సగమే బోలు. 1958లో గిబ్సన్ కంపెనీ ఈఎస్-335 గిటార్ తెచ్చిందే ఈ తేడాతో. బాడీ మధ్యలో నిలువునా ఓ చెక్క దిమ్మ ఉంటుంది. పికప్‌లూ (తీగల ఊపుని పట్టే అయస్కాంతాలు), బ్రిడ్జీ (తీగలు ఆనే పట్టీ) దాని మీదే కూర్చుంటాయి. పైచెక్క ఇష్టమొచ్చినట్టు ఊగదు కాబట్టి ఫీడ్‌బ్యాక్ (యాంప్ స్పీకర్ శబ్దం మళ్లీ గిటార్‌లోకి దూరి పెట్టే కూత) తగ్గుతుంది, నోటు ఎక్కువసేపు నిలుస్తుంది. కసీనో చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది, లోపల మాత్రం మొత్తం ఖాళీ, అంటే ఫుల్ హాలో. మంచి గిటారే, కాదనట్లేదు. కానీ బ్లూస్ కోసమని కొన్న కుర్రాడు శబ్దాన్ని గరగరలాడించే ఓవర్‌డ్రైవ్ పెడల్ తొక్కి యాంప్ ముందు నిలబడగానే ఊఁ అని ఒకటే కూత. ఇక పాత బనియన్లు ఎఫ్ హోల్స్‌లో కుక్కుకోవడమే. బ్లూస్ దిగ్గజం బి.బి. కింగ్ కోసం గిబ్సన్ 1980లో చేసిన లూసిల్ గిటార్‌కి లోపల దిమ్మ ఉంది, అయినా ఫీడ్‌బ్యాక్ బాధ పడలేక ఎఫ్ హోల్సే లేకుండా చేశారు. దిమ్మ కూడా లేనిదాన్ని కొత్తవాడికి అంటగడతారా?

షాపుకి వెళ్తే ఫోన్ టార్చ్ ఒక ఎఫ్ హోల్‌లో పెట్టి చూడండి. వెలుగు రెండో హోల్‌లోంచి ధారాళంగా బయటికొస్తే అది ఫుల్ హాలో. ఐబనీజ్ కంపెనీ ఆర్ట్‌కోర్ గిటార్లలో అయితే టార్చ్ కూడా అక్కర్లేదు, మోడల్ పేరులో ఏఎస్ అంటే సెమీ, ఏఎఫ్ అంటే ఫుల్. తక్కువ బడ్జెట్‌లో ఏఎస్73, పాతదైనా పర్లేదంటే ఎపిఫోన్ డాట్, చాలు. 'అబ్బే, అది ప్లైవుడ్ కదా' అని పెదవి విరిచే మేధావులకో మాట: లక్షలు పోసి కొనే ఈఎస్-335 పైచెక్క, వెనకచెక్క, పక్కలు, అన్నీ లామినేటే, అంటే అదీ ప్లైవుడ్డే. మొదటి రోజు నుంచీ అంతే. పోయి గిబ్సన్‌తో పోట్లాడండి.

అసలు నా మంట ఇది కాదు, సెటప్, అంటే వేసిన తీగలకి తగ్గట్టు గిటార్‌ని సరిచేయడం. 'జాజ్‌కి ఫ్లాట్‌వౌండ్ 11 వేశాం సార్' అంటారు (పైచుట్టు నున్నగా ఉండే లావు తీగల సెట్ అది), ఇంకేమీ ముట్టుకోరు. ఆ సెట్లో మూడో స్ట్రింగ్‌కి చుట్టు ఉంటుంది, లావెక్కువ. మెడ చివర తీగలు ఆనే పట్టీ, అదే నట్, దాని పాత గాడిలో ఇరుక్కుంటుంది. ట్యూన్ చేస్తుంటే 'టిక్' మని శ్రుతి ఒక్కసారిగా ఎగిరిందా, అదే జబ్బు. ట్యూనింగ్ కీలు మార్చినా పోదు, గాడిని సన్నటి ఫైల్‌తో వెడల్పు చేయాలి, లోతు చేయకూడదు. బ్రిడ్జ్ మీద ఆ స్ట్రింగ్ ఆనే ముక్కని, అంటే శాడిల్‌ని, మెడవైపు జరపాలి, లేకపోతే 12వ ఫ్రెట్ (మెడ మీది లోహపు గీత) దగ్గర శ్రుతి తక్కువ పలుకుతుంది. స్ట్రింగ్స్ లాగుడు పెరిగింది కాబట్టి మెడ వంపుని సరిచేసే లోపలి కడ్డీ, ట్రస్ రాడ్, కూడా చూడాలి. మొదటి ఫ్రెట్ దగ్గర కాపో (తీగల్ని నొక్కిపట్టే క్లిప్) పెట్టి, మెడ బాడీలో కలిసేచోట స్ట్రింగ్ నొక్కి, 7వ ఫ్రెట్ పైన సందు చూస్తే పావు మిల్లీమీటరు ఉండాలి. రాడ్ తిప్పడం ఒకసారికి పావు చుట్టే. ఇదంతా అరగంట పని, వాళ్లకి తీరదు. అడిగితే 'వాయించే కొద్దీ సెట్ అవుతుంది అన్నా'. ఏం సెట్ అవుతుంది, మన చెవా?

పైగా ఒకే సెట్ జాజ్‌కీ బ్లూస్‌కీ రెండింటికీ అంటారు. చుట్టున్న మూడో స్ట్రింగ్‌ని ఫుల్ బెండ్ చేసి, అంటే పక్కకి లాగి స్వరం పెంచి, చూపించమనండి, తెలుస్తుంది. బెండ్లు కావాలంటే మామూలు 10 సెట్టే ఉంచుకుని, జాజ్‌కి నెక్ పికప్ (మెడవైపుది) పెట్టి టోన్ నాబ్ సగానికి దించుకోండి.

ఇంకోటి. స్ట్రింగ్స్ అన్నీ ఒకేసారి విప్పితే బ్రిడ్జీ, తీగల చివరలు పట్టే టెయిల్‌పీసూ ఊడి పైచెక్క మీద పడొచ్చు, ఒక్కొక్కటే మార్చమనండి. కేబుల్ గుచ్చే సాకెట్‌ని పట్టుకునే జాక్ నట్ కూడా అక్కడే బిగించి చూడండి. ఇంటికొచ్చాక అది వదులై సాకెట్ లోపల పడిందంటే ఎఫ్ హోల్‌లోంచి దారం దింపి గాలం వేయాలి. దానికి మళ్లీ వాళ్లే సర్వీస్ ఛార్జీ గుంజుతారు.